బోర్డు కూడా ఒప్పుకోవాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరవై దాటితే తగ్గుతుందని మా ఆవిడ చాలా ఏళ్లు ఆశపడింది. తగ్గలేదు సరికదా, దానికి తోడు ముక్కు మీదికి కళ్లజోడు కూడా వచ్చి చేరింది. పోయిన చలికాలం ఆ కోపంతోనే ఇరవై ఏళ్ల స్నేహాన్ని చేతులారా పారేసుకోబోయాను. కారణం చెబితే నవ్వుతారు. కంప్యూటర్ తెర మీద తెల్లగా కనిపించాల్సిన ఒక వరుస బూడిదరంగులో కనిపించింది, అంతే.

నా పని స్టాళ్ల బొమ్మలు వెయ్యడం. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో శీతాకాలం వచ్చేసరికి బారులు తీరే దుకాణాలు వాటంతట అవి లేచి నిలబడవు. ఊరగాయల వాళ్లకైనా, దుప్పట్ల వాళ్లకైనా, ముందుగా ఎవరో ఒకరు బొమ్మ గీసి, బోర్డు ఇక్కడ, లైట్లు ఇక్కడ, గల్లాపెట్టె ఇక్కడ అని చూపించాలి. ఆ ఎవరో ఒకరిలో నేనొకణ్ణి. ఒకప్పుడు డ్రాయింగు షీటు మీద రంగులతో వేసేవాణ్ణి. ఇప్పుడు కంప్యూటర్లో గీసి, దాన్ని ఫొటో లాగా కనబడేట్టు చెయ్యాలి. ఒక్కో బొమ్మ అలా తయారై రావడానికి నా పాత మిషను గంటసేపు తీసుకునేది. గంటయ్యాక దుప్పట్లాయన వచ్చి, బాగుంది గానీ పసుపు బదులు నీలం వేస్తారా, అనేవాడు. మళ్లీ గంట. నా కోపానికి సగం కారణం ఈ గంటలే అని నా వాదన. మా ఆవిడ ఒప్పుకోదు.

వేగం పెంచాలంటే అబిడ్స్‌లో ఉన్న నా స్నేహితుడే దిక్కు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగిన సందులో అతనికి చిన్న కొట్టు ఉంది. వాళ్లది పాత హైదరాబాద్ కుటుంబం. తండ్రి అదే కొట్లో రేడియోలు బాగుచేసేవాడు, ఇతను కంప్యూటర్లు బాగుచేస్తాడు, వాడిన సామాను అమ్ముతాడు. నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను అన్నా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. రోజూ నాలుగింటికి నాంపల్లిలోని నా ఆఫీసుకు తాళం వేసి, స్టేషన్ రోడ్డు మీదుగా నడుచుకుంటూ అతని కొట్టుకు పోయి, స్టూలు మీద కూర్చుని చాయ్ తాగి రావడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. అమ్మేదీ కొనేదీ ఏమీ ఉండదు. కాసేపు కబుర్లు, అంతే.

అతనికి ఒక పట్టింపు ఉంది. వాడిన ప్రాసెసర్‌ను, అంటే కంప్యూటర్ మెదడును, ఒక్కదాన్నే అమ్మమంటే అమ్మడు, దాన్ని బిగించే మదర్‌బోర్డుతో కలిపే అమ్ముతాడు. రెండింటినీ చెక్క పలక మీద విడిగా పెట్టి, కొనేవాడి కళ్ల ముందు నడిపించి చూపించి, అప్పుడు ఒకే పెట్టెలో పెట్టి ఇస్తాడు. జోడీ విడదీయడు. ఎవరైనా బేరమాడి ఒక్క ప్రాసెసర్ ఇమ్మంటే, మర్యాదగానే, పక్క కొట్టు చూపిస్తాడు.

"ఎందుకయ్యా ఈ పంతం?" అని ఒకసారి అడిగాను.

"పంతం కాదన్నా. పిల్ల ఎంత సదువుకుంటె ఏంది? అత్తగారింట్ల కొలువుకు పోనియ్యాలె గదా. ప్రాసెసర్ పిల్ల, బోర్డు అత్త. అత్త ఒప్పుకోకపోతె పిల్ల సదువు మడిచి పెట్టెల పెట్టుకునుడే."

నా పాత మిషను సంగతి చెప్పినప్పుడు అతను ఒక జోడీ తీసి పలక మీద పెట్టాడు. దాని వివరం అతను చెప్పినట్టే చెబుతాను, నాకు అర్థమైంది కాబట్టి మీకూ అవుతుంది. కంప్యూటర్లో ఒక తాళం పడుతూ ఉంటుంది, డాన్సు క్లాసులో మాస్టారు కర్రతో కొట్టే తాళంలాగా. ప్రాసెసర్ ఆ ఒక్క దెబ్బకు ముప్ఫైనాలుగు అడుగులు వేస్తుంది. ఆ ముప్ఫైనాలుగే మల్టిప్లయర్. దాన్ని నలభై రెండు చేస్తే అదే తాళానికి నలభై రెండు అడుగులు వేసి, పని తొందరగా ముగిస్తుంది. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. చాలా ప్రాసెసర్లలో ఆ అంకె కంపెనీవాడు బిగించిందే, కదలదు. కొన్నిట్లో వదులుగా వదిలిపెడతాడు. ఈ జోడీలో ఉన్నది అలా వదిలిపెట్టిన రకం.

అయితే ఆ అంకె మార్చాల్సింది బోర్డు తెరలో. మిషను వేసీ వెయ్యగానే ఒక మీట నొక్కితే వచ్చే నీలం తెర అది, దాన్ని నడిపే ప్రోగ్రాంను బయాస్ అంటారు. ఖరీదైన బోర్డులు అక్కడ మల్టిప్లయర్ వరుసను తెల్లగా చూపిస్తాయి, అంకె మార్చుకోనిస్తాయి. చవక బోర్డులు అదే వరుసను బూడిదరంగులో చూపిస్తాయి. కనబడుతుంది, కదలదు. అతను నాకోసం తీసింది చవక బోర్డే. కానీ దాని పాత బయాస్‌లో, పొరపాటునో కావాలనో, ఆ వరుస తెరుచుకునే ఉంది. అతను నా ముందే నలభై రెండు వేసి చూపించాడు. నలభై అయిదు వెయ్యమన్నాను.

"వద్దన్నా. బోర్డు ఒప్పుకుంటది గని మొయ్యలేదు. గీ చిన్న చిన్న డబ్బాలు ఉన్నయ్ జూడుండ్రి, కరెంటు గివే ఇస్తయ్. నాలుగే ఉన్నయ్. ఖరీదు బోర్డుల ఎనిమిది, పది ఉంటయ్. నలభై రెండు కాడ మంచిగ నడుస్తది."

ఆ తర్వాత పెట్టె కడుతూ ఇంకో మాట కూడా అన్నాడు. ఏమన్నాడో అప్పుడు నాకు వినపడలేదు. నేను దుప్పట్లాయన గురించి చెబుతున్నాను. "ఆ, ఆ" అన్నాను. నేను ఆ, ఆ అన్నానంటే వినలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ జోడీతో నా రోజులు మారిపోయాయి. గంట పట్టే బొమ్మ అరగంట లోపే వచ్చేది. నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉండేది. పసుపు బదులు నీలమా, రండి కూర్చోండి, ఇప్పుడే చూపిస్తాను, అనేవాణ్ణి. ఎదురు చూడాల్సిన పని లేకపోయేసరికి నేను మంచివాణ్ణయిపోయానని మా ఆవిడ అందరికీ చెప్పింది.

ఇక్కడ మా వంశం గురించి ఒక మాట చెప్పాలి. మాది గుంటూరు వైపు. యాభై ఆరులో కర్నూలు నుంచి ప్రభుత్వ కచేరీలన్నీ హైదరాబాద్‌కు తరలినప్పుడు, వాటితో పాటు వచ్చిన గుమస్తా మా నాన్నగారు. పెండింగ్ ఫైలు ఒక్కటి టేబుల్ మీద ఉంటే ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ జబ్బు నాకూ వచ్చింది. కరెంటు బిల్లు వచ్చిన రోజే కట్టేస్తాను. ఫోన్లో ఎర్రచుక్క కనబడితే అది పోయేదాకా నిద్రపట్టదు. మా కుటుంబంలో అందరం ఇంతే. మా అన్నయ్య అయితే పెళ్లి శుభలేఖ అందగానే కట్నం చదివించే కవరు కూడా సిద్ధం చేసి పెట్టుకుంటాడు.

ఒక ఆదివారం ఉదయం టిఫిన్ తిని, ఆఫీసులో పనేమీ లేక, బోర్డు కంపెనీవాడి సైటు చూశాను. నా బోర్డుకు కొత్త బయాస్ వచ్చి ఎన్నాళ్లో అయిందని ఉంది. అంటే ఇన్నాళ్లూ ఒక ఫైలు నా దగ్గర పెండింగ్‌లో ఉందన్నమాట! అప్పటికప్పుడు దించుకుని, వాడు చెప్పిన పద్ధతి ప్రకారం, మధ్యలో కరెంటు పోకుండా దేవుడికి దండం పెట్టుకుని మరీ ఎక్కించేశాను. తర్వాత ఇంటికెళ్లి హాయిగా పప్పు, గోంగూర పచ్చడి తిన్నాను. అసలు ఆ సంగతే మరిచిపోయాను.

సోమవారం బొమ్మ నత్తనడక నడిచింది. నీలం తెర తెరిచి చూస్తే మల్టిప్లయర్ ముప్ఫైనాలుగు దగ్గర ఉంది. పైకి నొక్కాను. కదలలేదు. వరుస బూడిదరంగులోకి మారిపోయింది. ఆదివారం చేసిన పనికీ దీనికీ సంబంధం ఉంటుందని నా బుర్రకు తట్టనే లేదు. కొత్తది ఎక్కిస్తే మంచే జరుగుతుందని కదా గుమస్తా నమ్మకం. నాకు తోచిందల్లా ఒక్కటే. ప్రాసెసర్ నకిలీది, కొన్నాళ్లు నటించి అసలు రంగు బయటపెట్టింది.

తెరను ఫోన్లో ఫొటో తీసుకుని అబిడ్స్ పోయాను. నాలుగింటిదాకా కూడా ఆగలేదు. కొట్లో జనం ఉన్నారు. ఒకాయన కాలేజీలో చేరిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, ఆమె కోసం జోడీ చూస్తున్నాడు, పలక మీద అది నడుస్తోంది. ఆయన పక్కనే నిలబడి అరిచాను.

"ఇరవై ఏళ్ల నుంచి వస్తున్నానే, నాకే నకిలీది అంటగడతావా? తెలిసినవాడికే ఇలా చేస్తే తెలియనివాళ్ల గొంతు ఎలా కోస్తున్నావో!"

అతను ఫొటో చూశాడు. ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. "జర కూసోండ్రి అన్నా, బోర్డు తీస్కరాండ్రి, జూస్త" అన్నాడు. నేను కూర్చోనని, ఇక ఈ గడప తొక్కనని చెప్పేసి మెట్లు దిగాను. దిగుతూ చూశాను, కూతురి కోసం వచ్చినాయన బయటికి తీసిన పర్సు మెల్లగా జేబులో పెట్టుకుని, అమ్మాయిని తీసుకుని బయటికి నడిచాడు. అప్పుడు నాకు అది న్యాయంగానే అనిపించింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆ సందులో ఎవరి కొట్టుకూ పెద్ద హంగులుండవు. వాడిన సామాను అమ్మేవాడికి మాటే పెట్టుబడి. జోడీ నడిపించి చూపించిన చెయ్యి అబద్ధం ఆడదని నమ్మి జనం వస్తారు. నేను కొట్టింది ఆ నమ్మకం మీద.

వారం రోజులు ఆ కోపం మీదే బతికాను. నకిలీదని పదిమంది ముందు రుజువు చెయ్యాలని పట్టుదల. ప్రాసెసర్ ఊడదీసి, మా ఆవిడ మాత్రల డబ్బాలో దూది పరిచి, అందులో పెట్టుకుని నాంపల్లిలోనే ఇంకో కొట్టుకు పోయాను. అక్కడి మనిషి నాకు కొత్త. దాన్ని తన ఖరీదైన బోర్డులో పెట్టి నీలం తెర తెరిచాడు. మల్టిప్లయర్ వరుస మల్లెపువ్వులా తెల్లగా ఉంది. నలభై అయిదు వేశాడు, నడిచింది.

"ప్రాసెసర్ అసలుదే సార్. మస్తుగున్నది. మీ బోర్డు ఏంది?"

బోర్డు పేరు చెప్పాను.

"ఔ, దాంట్ల పాత బయాస్‌ల వస్తుండె. కంపెనీవాళ్లు తర్వాత బంద్ జేసిన్రు. కొత్తది ఎక్కిస్తె వరుస మూసుకపోతది. ఎవరన్న ఎక్కించిన్రా?"

"ఎవరో" అన్నాను.

ఎవరో ఏమిటి, నా తలకాయ. రోడ్డు మీదికి వచ్చాక, పెట్టె కడుతూ అతను అన్న మాట ఇప్పుడు పూర్తిగా వినపడింది. "అన్నీ చేస్కోండ్రి గని, బయాస్ మాత్రం కొత్తది ఎక్కించకుండ్రి." ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చేసింది నేను, తిట్టింది అతణ్ణి. అదీ అతని కొట్లో, అతని బేరం ముందు. మెట్రో కింద నీడలో నిలబడి సిగ్గుతో చెమటలు పట్టించుకున్నాను. డిసెంబరులో.

వెంటనే పోయి తప్పయిందని చెప్పాల్సింది. పోలేదు. అరవడానికి నాలుగింటిదాకా ఆగలేనివాణ్ణి, క్షమాపణ చెప్పడానికి రెండు వారాలు తీసుకున్నాను. కరెంటు బిల్లు ఒక్కరోజు ఆపలేని మనిషిని, ఈ ఫైలు మాత్రం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అబిడ్స్ వైపు పనిపడితే ఎదుటి పేవ్‌మెంటు మీద, తల వంచుకుని నడిచేవాణ్ణి. ఒకసారి ఆదివారం పాత పుస్తకాల వాళ్ల దగ్గర దూరంగా అతని భుజాలు కనిపించి, కొనే ఉద్దేశం లేని పంచాంగం ఒకటి తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అది పోయిన ఏడాదిది. నాలుగింటి చాయ్ ఆఫీసులో ఒక్కణ్ణే తాగితే రుచే ఉండేది కాదు.

మా ఆవిడకు అనుమానం వచ్చింది. మాత్రల డబ్బా ఏమైందని మొదలుపెట్టి, కూపీ లాగి, సంగతంతా బయటికి తీసింది. నేను నీళ్లు నములుతూ, ఫోన్ చేసి చెబుతాలే అన్నాను.

"ఫోన్లో తిట్టారా?" అంది.

"లేదు."

"మరి? ఎక్కడ అరిచారో అక్కడే చెప్పండి. ఎంత గట్టిగా అరిచారో అంత గట్టిగా చెప్పండి."

మర్నాడు బోర్డూ ప్రాసెసరూ ఒకే పెట్టెలో పెట్టుకుని, సాయంత్రం కొట్టు నిండుగా ఉండే వేళ చూసుకుని పోయాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. కొట్లో అయిదారుగురు ఉన్నారు. గడప దగ్గరే నిలబడి గొంతెత్తాను.

"అందరూ వినండి. మూడు వారాల కింద ఇక్కడే నిలబడి ఇతను నకిలీ సామాను అమ్మాడని అరిచాను. సామాను అసలుది. తప్పు నాది. ముట్టొద్దని ఇతను చెప్పిన బయాస్‌ను నేనే మార్చి పాడుచేసుకున్నాను."

జనం నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. వాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు ఉన్నవాళ్లు కారు. కూతురి కోసం వచ్చినాయన మళ్లీ ఎక్కడ దొరుకుతాడు? ఆయనకు ఈ మాట ఎప్పటికీ చేరదు. ఆ బాధ ఇప్పటికీ అలాగే ఉంది.

"జర మెల్లగ అన్నా, బేరాలు బెదురుతయ్" అన్నాడు అతను, బోర్డులు తుడిచే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. ఎర్రబడిన ముఖం నాకు కనబడనీయకుండా పెట్టె అందుకుని తెరిచాడు. "ఎక్కింది దిగదు అన్నా, బోర్డు ఒప్పుకోదు. కొత్త బయాస్ పాతదాన్ని రానియ్యది."

ఆ మాట మా స్నేహం గురించి అన్నట్టు వినపడింది నాకు. బోర్డు గురించి కాదు.

"గని బయాస్ చిప్‌నే పట్టుకుంటె ఒప్పుకుంటది" అన్నాడు.

బేరాలు అయిపోయేదాకా ఆగి, అప్పుడు బోర్డును పలక మీద పెట్టాడు. బయాస్ ఉండేది ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో, చింతగింజ అంత కూడా ఉండదు. దాన్ని ఒక క్లిప్పుతో కరిపించి, ఆ క్లిప్పు వైరును తన లాప్‌టాప్‌కు తగిలించాడు. ఏ బోర్డు అమ్మినా, అమ్మేముందు దాని బయాస్ నకలు ఒకటి తీసి దాచుకోవడం అతనికి అలవాటట. ఇన్నేళ్లు ఆ స్టూలు మీద కూర్చున్నా నాకు తెలియలేదు. పాత నకలు బయటికి తీసి, చిప్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర మీద ఒక పచ్చగీత మెల్లగా నిండుతోంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"ఎప్పుడు తెల్సింది మీకు?" అన్నాడు తల ఎత్తకుండా.

నిన్ననే అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"రెండు వారాలైంది" అన్నాను.

"ఔనా" అన్నాడు. పచ్చగీత నిండింది. క్లిప్పు తీసి, ప్రాసెసర్ కూర్చోబెట్టి, తెర వెలిగించి, కీబోర్డు నా వైపు జరిపాడు. వరుస తెల్లగా ఉంది. నలభై రెండు నేనే వేశాను. మిషను చక్కగా లేచి నిలబడింది. ఇద్దరికీ చాయ్ చెప్పాడు. స్టూలు మీద కూర్చున్నాను. ప్రాణం హాయిగా ఉంది.

చాయ్ సగంలో ఉండగా ధైర్యం చేసి అడిగాను. "నా మీద చాలా కోపం వచ్చి ఉంటుంది కదూ?"

"కోపమేంది అన్నా. మీరు అరుసుడు నాకు కొత్తనా?" గ్లాసు కింద పెట్టాడు. "ఫికర్ అయింది. ఇరవై ఏండ్ల సంది నాలుగు కొట్టంగనే వచ్చే మనిషి రాకపోతె ఏమనుకోవాలె? బీపీ ఉన్న మనిషి. గంత కోపంల పోయిండు, తొవ్వల ఏమన్న అయ్యిందా అనుకున్న. మీ ఆఫీసు మెట్ల దాక రెండు మూడు సార్లు వచ్చిన. పైన లైటు ఉండె. మంచిగనే ఉన్నడులే అని ఎనకకు మర్లిన."

ఆ లైటు కింద నేను ఒక్కణ్ణే కూర్చుని ఉన్నాను, అతని కొట్టు గడప మళ్లీ ఎలా ఎక్కాలా అనుకుంటూ.